మంజీరా గాలం, జుమ్మేరాత్ బజారు రీలు

పోయిన నెల చిన్నాయిన పాత ఇంటి దర్వాజ గురించి రాసిండు. అంతకుముందు అత్తమ్మ మన దిక్కు బతుకమ్మ పేర్చే తీరు గురించి రాసింది. ఈసారి వంతు నాది. నేను పదో తరగతి దాకా కన్నడ మీడియంలో చదివిన. తెలుగు అక్షరాలు ఉద్యోగానికి హైదరాబాద్ పోయినంక బస్సు బోర్డులు చూసుకుంట నేర్చుకున్న. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే పెద్దలు సర్దుకోవాలె.

నేను రాసేది ఒక పాత రీలు గురించి. చేపలు పట్టే రీలు. దాని పిడి వదులైంది, దాన్ని బిగించిన. ఇంత చిన్నదానికి మన ఇంటి చరిత్రలో చోటెందుకు అని తమ్ముడు నవ్విండు. చదివినంక మీరే చెప్పండి.

నాయినకు షుగర్ వచ్చి పదిహేనేళ్లయింది. వేళ్ల కొసలకు స్పర్శ బాగా తగ్గింది. పోయిన చలికాలం చెరువు కాడ గాలం వేసినప్పుడు పెద్ద చేప తగిలిందట. ఎప్పటి అలవాటుగా తంగూసును చేతికి ఒక చుట్టు చుట్టుకుని లాగిండు. చూపుడు వేలు లోతుగా తెగింది. నాయినకు తెలియనే లేదు. పంచె మీద రక్తం చూసి పక్కనున్న పిల్లగాడు చెప్తే తెలిసింది. ఆ పుండు మానడానికి నెలన్నర పట్టింది. అమ్మ గాలం కట్టెను తీసి అటక మీద పెట్టేసింది. నాయిన కోపం చేస్తే బాగుండు, ఏదో ఒకటి మాట్లాడొచ్చు. ఆయన ఏమీ అనలేదు. సాయంత్రం పూట చెరువు దిక్కు పోవుడు మానేసి అరుగు మీద కూర్చునుడు మొదలుపెట్టిండు.

చేతికి తంగూసు తగలకుండా గాలం వేయాలంటే రీలు కావాలె. కొత్తది కొంటే ఎంతయిందని అడుగుతడు, చెప్తే వాపస్ ఇచ్చి రమ్మంటడు. పాతది, ఖరాబైనది తెస్తే మాత్రం బాగు చేయడానికైనా చేతిలోకి తీసుకుంటడు. మా నాయిన సంగతి నాకు తెలుసు. అందుకే హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజారుకు పోయిన. ఉర్దూలో జుమ్మేరాత్ అంటే గురువారం, ఆ రోజే ఆ సంత. పాత తాళాలు, ఫ్యాన్లు, కెమెరాలు, ఒంటి చెప్పులు కూడా దొరుకుతయి. ఒక దుప్పటి మీద పాత మిక్సీ జార్ల నడుమ ఈ రీలు కనబడ్డది. మీద పేరు అరిగిపోయింది. మూడువందల యాభై ఇచ్చిన.

పిడి అప్పుడే ఊగుతుండె. "స్క్రూ టైట్ చేస్తే అయిపోతది మేడం" అన్నడు అమ్మినాయన. నా ఉద్యోగమే సాఫ్ట్‌వేర్ టెస్టింగు. "ఇంతే, అయిపోతది" అనే మాట రోజూ వింట. అయినా కొన్న.

ఇంట్లో నాయిన చేతిల పెట్టిన. ఆయన పిడిని రెండుసార్లు తిప్పి, "బిడ్డా, ఇది మాట్లాడుతుంది" అన్నడు. మొదట అర్థం కాలేదు. తర్వాత చెప్పిండు. గాలం వేసినోడు నీళ్లలో సంగతి చేతితోనే తెలుసుకుంటడు. జెల్ల అయితే టకటకా కొడతది, కొర్రమీను అయితే ఒక్కసారే గుంజుతది. ఇప్పుడు వేళ్లకు సగం స్పర్శే మిగిలింది. ఆ సగంలో ఈ పిడి ఊగే 'టక్' వచ్చి కలిస్తే ఏది చేపనో ఏది రీలో ఆయనకు తెలియదు. నాకు తెలుస్తది, నా వేళ్లు బాగున్నయి కాబట్టి. అప్పుడు ఈ పిడిని ఊరికే బిగిస్తే సరిపోదని, ఊగులాట సున్నా కావాలని అర్థమైంది.

ఆ పని చెప్పేముందు గాలం గురించి కొంచెం.

మనం గాలం అంటం. బళ్లో నేను 'గాళ' అని నేర్చుకున్న, కన్నడలో అట్లనే. ఉద్‌గీర్ దిక్కు నుంచి వచ్చిన మా మరాఠీ దోస్తు 'గళ్' అంటది. మూడు భాషల్లో ఒకటే కొక్కెం, చివర్ల 'ల', 'ళ' తేడా. కన్నడ అలవాటుకొద్దీ నేను ఇప్పటికీ 'గాళం' అని రాసి కొట్టేస్త.

రాతలో దొరికే మన దిక్కు గాలం చాలా పాతది. మనకు పక్కనున్న బసవకల్యాణం ఒకప్పుడు కల్యాణ చాళుక్యుల రాజధాని. అక్కడ 1126 నుంచి 1138 దాకా ఏలిన మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో 'మానసోల్లాసం' అనే పెద్ద గ్రంథం కూర్చాడు. నూరు అధ్యాయాలు. రాజ్యం ఎట్ల సంపాదించాలె, వైద్యం, వంటలు, ఆటలు, ఏనుగులు, సంగీతం, అన్నీ ఉన్నయి. అందులో 'మత్స్యవినోదం' అని ఒక అధ్యాయం ఉంది, పూర్తిగా గాలం వేయుడు గురించే. సుమారు ముప్పై అయిదు రకాల చేపలు, సముద్రంలోవి కొన్ని, నదిలోవి కొన్ని, ఏ చేపకు ఏ మేత వేయాలె, కట్టె ఎట్లుండాలె, దారం ఎట్లుండాలె అని రాసిండు. ఈ అధ్యాయాన్ని మన కాలంలో చేపల శాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా చదివి, 1951లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వివరంగా రాశాడు. అట్ల బయటివాళ్లకు తెలిసింది.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఒకచోట మేత వేసి, చేపను ఆ చోటికి అలవాటు చేసి, తర్వాత గాలం వేయుడు నాయిన చేసే పనే. రెండు రోజుల ముందు తవుడు ముద్దలు ఒకే మూలకు వేస్తడు. మూడో రోజు ఆ మూలకే గాలం. రాజు రాసింది చదివి నాయిన నేర్చుకోలేదు. ఈ దిక్కు చెరువుల కాడ గాలం వేసేవాళ్లను అడిగే రాజు రాయించి ఉంటడని నా అనుమానం.

ఇంకో మాట. సోమేశ్వరుడి తర్వాత ముప్పై ఏళ్లు కూడా తిరక్కముందే అదే కల్యాణంలో బసవన్న, ఆయన చుట్టూ శరణులు. వాళ్లల్లో అంబిగర చౌడయ్య ఒకడు. అంబిగ అంటే పడవ నడిపేవాడు. నీళ్ల మీద వినోదం గురించి రాజు సంస్కృతంలో రాస్తే, నీళ్ల మీద బతికినాయన కన్నడలో వచనాలు చెప్పిండు, అవి కూడా బాగా కటువుగా. మాకు బళ్లో చౌడయ్య గురించి చెప్పిండ్రు, సోమేశ్వరుడి చేపల గురించి చెప్పలేదు. ఆ కల్యాణం కథను తెలుగులో బసవపురాణంగా చెప్పింది పాల్కురికి సోమనాథుడు. 1369లో భీమకవి కన్నడ బసవపురాణం రాసిండంటే ఆ తెలుగు పుస్తకం ఆధారంగానే. మన ఇంట్లో రెండు భాషలెందుకని అడిగే చుట్టాలకు నేను ఈ సంగతి చెప్త.

ఇప్పుడు మన తాత దగ్గరికి. ఇక్కడ నేను మనం ముందు రాసుకున్న ఒక వాక్యాన్ని దిద్దాలె. మన ఇంటి వంశవృక్షం కింద "తాతగారు తెలంగాణ నుంచి కర్ణాటకకు వలస వచ్చారు" అని ఉంది. అది రాసింది నేనే, నాలుగేళ్ల కింద. తప్పు రాసిన.

తాత నారాయణఖేడ్ దిక్కు పల్లె నుంచి చింతకికి ఇల్లరికం వచ్చింది పోలీస్ యాక్షన్‌కు ముందు ఏడాది, అంటే 1947. అప్పుడు తెలంగాణ రాష్ట్రం లేదు, కర్ణాటక రాష్ట్రం లేదు. అంతా నిజాం హైదరాబాద్ రాజ్యం. నారాయణఖేడ్, జహీరాబాద్, మన ఔరాద్, బీదర్, భాల్కి, హుమ్నాబాద్, అటు ఉద్‌గీర్, నిలంగా, అహ్మద్‌పూర్, అన్నీ ఒకే బీదర్ జిల్లా. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ నడిచేవి. తాత చేసింది ఒక తాలూకా నుంచి పక్క తాలూకాకు పోవుడు. పెండ్లి అయినోడు అత్తగారింటికి పోయిండు, అంతే.

1956 నవంబర్ 1న భాషల లెక్కన రాష్ట్రాలు చేసినప్పుడు ఆ బీదర్ జిల్లాను మూడు ముక్కలు చేసిండ్రు. ఉద్‌గీర్, నిలంగా, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రానికి పోయినయి. జహీరాబాద్, నారాయణఖేడ్ మెదక్ జిల్లాలో కలిసి ఆంధ్రప్రదేశ్‌కు పోయినయి. మనం మైసూరు రాష్ట్రంలో మిగిలినం. మైసూరు 1973లో కర్ణాటక అయింది. అటు ఆంధ్రప్రదేశ్ 2014లో తెలంగాణ అయింది. తాత ఇల్లు కదలలేదు. తాత అన్న ఇల్లు కూడా కదలలేదు. ఇద్దరి నడుమ మాత్రం రాష్ట్రం గీత వచ్చింది.

దాని ఫలితం నాయిన తరంలో కనబడ్డది. నాయిన కన్నడ బడికి పోయిండు, పెదతాత పిల్లలు తెలుగు బడికి పోయిండ్రు. ఒకరి ఉత్తరం ఒకరు చదువుకోలేరు. మాట్లాడితే ఒకటే భాష, రాస్తే రెండు. పెండ్లి పత్రిక వస్తే నాయిన కిరాణా దుకాణం కాడికి తీసుకుపోయి చదివించుకుని వచ్చేది. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్న అసలు కారణం అదే. బస్సు బోర్డులు తర్వాత.

ఆ అన్నదమ్ములిద్దరినీ నీళ్ల కాడ కలిపింది గాలం. మంజీరా మన ఊళ్లోంచి పారదు, దక్షిణం దిక్కు పోవాలె. అది మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ గుట్టల్లో పుట్టి, లాతూర్, బీదర్ దాటి, సంగారెడ్డి దిక్కు తిరిగి, కందకుర్తి కాడ గోదావరిలో కలుస్తది. 724 కిలోమీటర్ల పొడవు, మూడు రాష్ట్రాలు. ఎండాకాలం మడుగులు మిగిలినప్పుడు తాత ఇటునుంచి, పెదతాత అటునుంచి వచ్చి రెండు రోజులు ఉండేవాళ్లట. ఇద్దరి దగ్గరా ఒకే తీరు సామాను: దారం చుట్టిన వెదురు కట్టె ముక్క, ఇనుప కొక్కెం, సీసం గుండు, బెండు. రీలు అనే వస్తువు వాళ్లు కండ్లతో చూడలేదు. (ఇప్పుడు పోవాలనుకునే పిల్లలకు ఒక మాట: సంగారెడ్డి దిక్కు మంజీరాలో 1978 నుంచి అభయారణ్యం ఉంది, మొసళ్లు ఉన్నయి. అక్కడ గాలం వేయొద్దు, కాళ్లు కూడా పెట్టొద్దు.)

తాత కట్టె ఇంకా ఉంది. అమ్మ అటక మీద పెట్టింది దాన్నే. నడుమ రెండు చోట్ల గాడి పడ్డది, దారం రాసుకుని రాసుకుని. అరవై ఏళ్ల దారం.

రీలు మన దాకా ఎందుకు రాలేదు? మన దేశంలో రీలుతో చేపలు పట్టుడు చాలాకాలం దొరల వినోదం. మద్రాసు సివిల్ సర్వీసులో ఉన్న హెచ్.ఎస్. థామస్ 1873లో మంగళూరులో అచ్చేసిన 'ది రాడ్ ఇన్ ఇండియా' దానికి పెద్ద పుస్తకం. చెరువుల్లో గాలం గురించి ఆయనే 1887లో ఇంకోటి రాశాడు. బెంగాల్‌లో మాత్రం రీలు ఇండ్లల్లోకి వచ్చింది. అక్కడ దాన్ని ఇప్పటికీ 'హుయిల్' అంటరు, ఇంగ్లీషు వీల్ అన్నమాట. మన దిక్కు కట్టె ముక్కకే దారం చుట్టుకుంట ఉండిపోయినం. నైలాన్ తంగూసు వచ్చినంక కూడా అంతే, దారం మారింది గానీ కట్టె మారలేదు. పత్తి దారం కన్న తంగూసు సన్నం, గట్టి, చేతిని కూడా అంతే గట్టిగా కోస్తది. నాయిన వేలు తెగింది అందుకే.

ఇక పిడి.

టెస్టింగులో మొదటి నియమం, ఒకేసారి రెండు మార్చొద్దు. నేను మొదటిరోజే ఆ నియమం తప్పిన. నాయినది ఎడమచేతి వాటం. బళ్లో కొట్టి కొట్టి రాతను కుడిచేతికి మార్చిండ్రు, గాలాన్ని ఎవరూ మార్చలేదు. ఎడమచేత కట్టె పట్టుకుంటడు కాబట్టి రీలు పిడి కుడివైపు ఉండాలె. కొన్నప్పుడు ఎడమవైపు ఉండె. బిగించే హడావిడిలో పిడిని ఎడమ నుంచి తీసి కుడికి కూడా మార్చేసిన. ఊగులాట అట్లనే ఉంది. ఇప్పుడు ముందున్న ఊగులాటనా, నేను మార్చుడు వల్ల వచ్చిందా తెలియదు. మళ్లీ ఎడమకు పెట్టి, ఊపి చూసి, మళ్లీ కుడికి పెట్టి ఊపి చూస్తే, రెండు దిక్కులా ఒకటే. మంచిది.

పిడిలో ఊగడానికి నాలుగు చోట్లున్నయి. వేళ్లతో పట్టుకునే గుబ్బ, దాని కడ్డీ మీద. పిడి మడిచే కీలు. పిడి చివరనున్న ఆరు పలకల కడ్డీ లోపలి పళ్లచక్రంలో దూరే చోటు. ఆ పళ్లచక్రం తిరిగే బుష్షు. ఒక్కోదాన్ని గట్టిగా పట్టుకుని మిగతాదాన్ని ఊపాలె. గుబ్బ బాగనే ఉంది. బుష్షు బాగనే ఉంది. కీలు ఊగింది, కడ్డీ కూడా చక్రంలో ఊగింది. కీలు మీద అరగంట పోగొట్టుకున్న. తర్వాత చూస్తే, అవతలి పక్కనున్న మూత స్క్రూ బిగించినప్పుడే కడ్డీ లోపలికి గుంజుకుని, కీలు కూడా బాడీకి ఒత్తుకుని బిగుసుకుంటది. అంటే కీలు ఊగుడు లక్షణం, రోగం వేరే చోట ఉంది.

మూత చివరి దాకా తిరిగి ఆగుతుంది. ఇంక ఒక్క చుట్టు కూడా పోదు. అయినా పిడి బిగియదు. రెండు రోజులు ఇక్కడే ఆగిన. ఆదివారం అమ్మ చపాతి పిండి కలుపుతుంటే తట్టింది. చిన్న పిండి ఉండ తీసుకుని మూత అంచు కింద పెట్టి, మూతను చివరి దాకా బిగించి, మెల్లగా విప్పి చూసిన. పిండి పూర్తిగా నలగలేదు. ఏటీఎం కార్డు కన్న కొంచెం పలచగా, బిళ్లలా మిగిలింది. అంటే మూత అక్కడ తగలడమే లేదు. దాని మర పొడవు ఎక్కువై, కడ్డీ లోపలి బొక్క అడుగుకు ముందే తగిలి ఆగిపోతుంది. అది ఈ రీలు మూత కాదు. ఎవరో వేరే రీలుది తెచ్చి పెట్టిండ్రు.

నాయినకు చూపిస్తే, "సైకిల్ షాపుకు పోదాం పా" అన్నడు. వేలు తెగినంక ఆయన తనంతట తాను ఎక్కడికన్నా పోదామన్నది అదే మొదటిసారి.

మా ఊరి సైకిల్ షాపాయన నాయిన ఈడోడే. రీలు తీసుకుని పిడిని వెనక్కి తిప్పబోయిండు, అది తిరగలేదు. చిన్న మీట జరిపి ముందుకు తిప్పితే టిక్ టిక్ మంది. "లోపల ఫ్రీవీల్ ఉంది కదన్నా" అన్నడు నాయినతో. ఒక దిక్కే తిరగనిచ్చి రెండో దిక్కు ఆపే పంటి కొక్కెం, సైకిల్ వెనక చక్రంలో ఉన్నట్టే.

ఆయన ఊరికే అన్న ఈ మాట నాకు రాత్రంతా తిరిగింది, ఎందుకంటే రీళ్ల చరిత్రే అట్లుంది. జపాన్‌లో సకాయ్ ఊళ్లో షిమానో షోజాబురో 1921లో పెట్టిన కార్ఖానా మొదట చేసింది సైకిల్ ఫ్రీవీళ్లే, చేపల సామాను 1970లో మొదలైంది. స్వీడన్‌లో ఆబు కంపెనీ కూడా 1921లోనే పుట్టింది, ట్యాక్సీ మీటర్లు కూడా చేసేది. రెండో ప్రపంచ యుద్ధంలో మీటర్లకు గిరాకీ పోతే రీళ్లకు మళ్లింది. ఫ్రాన్స్‌లో మిచెల్ రీళ్లు చేసిన క్లూజ్ ఊరు గడియారం భాగాలకు పేరుపడ్డది. అమెరికాలో కెంటకీలో 1800ల మొదట్లో రీళ్లు చేసిన జార్జ్ స్నైడర్ గడియారాలు బాగుచేసేవాడు. ఇంగ్లండ్‌లో లేసులు నేసే నాటింగ్‌హామ్ పేరు మీద కొయ్య రీళ్లు ఉండేవి. 1905లో ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ పేటెంటు తీసుకున్న రీలులో కండె తిరగదు, దారం దాని కొస నుంచి జారిపోతది. ఆయనది ఉన్ని మిల్లుల వ్యాపారం. మా చేతిలో ఉన్నది ఆ వంశపు రీలే. చేపలవాళ్లు కనిపెట్టిన రీళ్ల కన్న తిరిగే వస్తువులు చేసేవాళ్లు కనిపెట్టినవే ఎక్కువ. బొమ్మల్లో చూస్తే మాత్రం చైనా ముందుంది. 1195 ప్రాంతంలో మా యువాన్ వేసిన చిత్రంలో చలికాలం సరస్సు మీద చిన్న పడవ, ఒక్క మనిషి, కట్టె మీద చిన్న చక్రం. మన సోమేశ్వరుడు గాలం గురించి రాసినంక అరవై అయిదేళ్లకు. మత్స్యవినోదంలో ఆ చక్రం లేదు.

సైకిల్ షాపాయన తర్వాత అడిగిన ప్రశ్న, "ఇది సీదా మరనా, ఉల్టా మరనా?" సైకిల్ ఎడమ పెడల్‌కు ఉల్టా మర ఉంటది, తొక్కుతుంటే ఊడిపోకుండా. రీళ్లలో కూడా ఒక జాతికి ఇది ఉంది, మీలో ఎవరి దగ్గరన్నా పాత రీలు ఉంటే పనికొస్తది కాబట్టి చెప్త. కొన్ని రీళ్లకు మూత స్క్రూ ఉండదు, పిడే నేరుగా మరలా లోపలికి తిరిగి బిగుసుకుంటది. కుడివైపు పెట్టినప్పుడు మామూలు మర, ఎడమవైపు పెట్టినప్పుడు ఉల్టా మర. ముందుకు చుట్టే కొద్దీ బిగుసుకోవాలని అట్ల చేసిండ్రు. చాలావాటికి ఒకే కడ్డీ మీద రెండు మందాల మరలు ఉంటయి, ఒక్కోటి ఒక్కో దిక్కుకు. ఎక్కకపోతే బలం పెట్టొద్దు, రెండో దిక్కు పెట్టి చూడండి. వదులైతే ముందు ఊరికే ముందుకు చుట్టి చూడండి. వెనక్కి తిప్పే అలవాటు ఉన్నోళ్ల పిడి ఊడుతది, అది రీలు తప్పు కాదు.

మాది ఆ జాతి కాదు, మూత జాతి. ఆయన పిండి బిళ్ల కథ విని, "మర కొస ఒక నూలు కోసేస్త" అని రంపం తీసిండు. నేను వద్దన్న. కోసింది మళ్లీ అతకదు. తర్వాత ఎప్పుడన్నా అసలు మూత దొరికితే వేరే సంగతి, దొరక్కపోతే ఈ ఒక్క మూతే మాకు దిక్కు. వాషరు వేస్తే నచ్చకపోతే తీసేయొచ్చు. ఆయనకు నా మాట నచ్చలేదు, అయినా డబ్బా కుమ్మరించి వెతికిండు. నీళ్ల కాడ వాడేది కాబట్టి ఇనుము వద్దు, ఇత్తడి కావాలన్న. ఒక ఇత్తడి వాషరు దొరికింది, మిల్లీమీటరు మందం. పిండి బిళ్ల కన్న కొంచెం ఎక్కువే ఉండాలె, అప్పుడే మూత నొక్కుతది.

వేసి బిగిస్తే ఊగులాట పోయింది. కానీ రీలు బరువుగా తిరిగింది, గానుగలాగా. వాషరు అంచు వెడల్పయి బాడీకి రాసుకుంటుంది. అది లోపల తిరిగే చక్రం కొస మీదనే ఆనాలె, బాడీని ముట్టుకోవద్దు. ఆకురాయి తీసుకుని అంచు చుట్టూ రుద్దుడు మొదలుపెట్టింది నాయిన. స్పర్శ లేని వేళ్లతో ఎట్ల చేస్తడోనని నేను చెయ్యి చాపిన, ఇయ్యలేదు. పదిసార్లు రుద్దుడు, పెట్టి తిప్పి చూసుడు. చూపు, చెవి పెట్టి చేసిండు, రాసుకునే చప్పుడు ఆగేదాకా. గంట పట్టింది. సైకిల్ షాపాయన పైసలు తీసుకోలేదు, చేప పడితే సగం ఇయ్యమన్నడు.

స్క్రూలు కదలకుండా పెట్టే నీలం రంగు జిగురు మా ఆఫీసు దోస్తు ఒకాయన సలహా ఇచ్చిండు. వాడలేదు. మూత ప్లాస్టిక్, ఆ జిగురు కొన్ని ప్లాస్టిక్‌లను పగుళ్లు తెప్పిస్తది. కడ్డీకి కొంచెం గ్రీసు మాత్రం పెట్టిన. వంటనూనె పెట్టొద్దు, ఎండితే బంకలా పడుతది.

సంక్రాంతి అయినంక వచ్చిన ఆదివారం చెరువుకు పోయినం. నాయిన ఎడమచేత కట్టె, కుడిచేత పిడి. మొదటి గంట విసరడమే రాలేదు, తంగూసు రెండుసార్లు చిక్కు పడ్డది, ఒకసారి తుమ్మ కొమ్మకు. "కట్టె ముక్కనే బాగుండె" అన్నడు. పొద్దు దిగేటప్పుడు పిడి మీద చెయ్యి ఆపి తల వంచిండు. నేను మాట్లాడబోతే ఆగమన్నడు. "జెల్ల" అన్నడు. చుట్టి తీస్తే జెల్లే, జానెడు కూడా లేదు. ఒప్పందం ప్రకారం సైకిల్ షాపుకు సగం ఇవ్వాలంటే దాంట్లో సగమేముంది, నీళ్లలోకే వదిలేసిండు.

వంశవృక్షం కింద ఉన్న వాక్యాన్ని ఈ రోజు మార్చిన. "1947లో నారాయణఖేడ్ తాలూకా నుంచి చింతకికి, అప్పటి బీదర్ జిల్లాలోనే" అని పెట్టిన. పెదతాత ఇంటివాళ్లు ఇది చదివితే ఒక మనవి. తాత కట్టెకు జోడు కట్టె మీ దగ్గర ఉండాలె, ఒకే వెదురు నుంచి కోసుకున్నరని నాయిన చెప్తడు. ఉంటే ఒక ఫొటో పంపండి. రెండు దిక్కులా గాడి పడ్డదా అని నాయిన అడుగుతున్నడు. ఉత్తరం తెలుగులో రాసినా పర్వాలేదు, ఇప్పుడు నేను చదివి వినిపిస్త.